మూలబడిన ఇసుక ఫిల్టరు మళ్లీ పనిచేయాలంటే



బావి గట్టున, మోటారు గుడిసె పక్కన, నీలం రంగో ఆకుపచ్చ రంగో వేసిన ఇనుప పీపా ఒకటి మీలో చాలామంది తోటల్లో వుంటుంది. డ్రిప్పు పైపులు పరిచిన నాడు కంపెనీ మనుషులు వచ్చి బిగించి పోయినది అదే. మొదటి యేడు ఆయుధ పూజనాడు మోటారుతోపాటు దానికీ పసుపూ కుంకుమా పెట్టి వుంటారు. రెండో యేటికి దాని మూత యెటు తిరుగుతుందో కూడా మరచిపోయి వుంటారు. తరువాత బావి యెండిపోవడమో, మోటారు కాలిపోవడమో జరిగి, రెండు మూడు వేసవులు అది అట్లాగే పడివుంటుంది. ఇప్పుడు వానలు పడి కుంటలో నీళ్లు చేరాయి. మోటారు వేద్దామని చెయ్యి స్విచ్చి మీదికి పోతున్నది. ఒక్క నిమిషం ఆగండి. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఆ పీపాను గురించే.

దాని లోపల వున్నది ఇసుక. కుంట నీరు, చెరువు నీరు, కాలువ నీరు, దిగుడు బావి నీరు – వీటిలో నాచు, ఒండ్రు, కుళ్లిన ఆకు తునకలు వుంటాయి. నీరు పైనుంచి ఇసుకలోకి దిగి, అడుగున వున్న చిల్లుల మూతల గుండా బయటికి వస్తుంది. మురికి ఇసుకలో చిక్కుకుంటుంది. పట్నాల్లో ఈతకొలనుల పక్కన వుండేది కూడా దీని తోబుట్టువే. అయితే ఒక భేదం వున్నది. ఈతకొలనులో అదే నీరు మళ్లీ మళ్లీ ఫిల్టరుకు వస్తుంది. ఒకసారి తప్పించుకున్న మురికి రెండోసారి దొరుకుతుంది. మన తోటలో నీరు ఒక్కసారే పోతుంది. తప్పించుకున్న మురికి నేరుగా డ్రిప్పరులోకి పోయి కూర్చుంటుంది. ఆ డ్రిప్పరు దారి సూది మొనంత. అది మూసుకున్నదంటే ఆ చెట్టుకు నీళ్లు లేవు.

ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైన తరువాత అనంతపురం, కడప ప్రాంతాల్లో చీనీ తోటలకు డ్రిప్పు బాగా వచ్చింది. చీనీ చెట్టు కాపుకు రావాలంటే యేండ్లు పడుతుంది. అటువంటి చెట్టు యెండితే పోయేది ఒక్క పంట కాదు, పెంచిన యేండ్లన్నీ పోతాయి.

తాడిపత్రి వైపు ఒక రైతు తన తోట చూడమని నన్ను పిలిచాడు. దూరపు సాళ్లలో చెట్లు ఆకు ముడుచుకొని, కొసల నుంచి యెండుతున్నాయి. తెగులేమోనని మందు కూడా కొట్టి వున్నాడు. నేను ఫిల్టరు దగ్గరికి నడిచాను.

"ఫిల్టరు బాగానే వుండాది సార్. గేజీలు చూడండి, రెండూ వొకే లెక్క చూపిస్తాండాయి. యాడా అడ్డం ల్యా" అన్నాడు.

అదే మోసం. దీన్ని విస్తరణ కార్యకర్తలు కూడా బాగా గుర్తుంచుకోవలెను. ఫిల్టరుకు ముందొక గేజీ, వెనకొక గేజీ వుంటాయి. ఇసుక మురికితో నిండిన కొద్దీ ఆ రెండింటికీ తేడా పెరుగుతుంది. తేడా పెరిగితే కడగాలని మనకు తెలుసు. కాని యేండ్ల తరబడి కడగని ఇసుక వేరే విధంగా చెడుతుంది. పైన నాచు, బంకమన్ను కలిసి అట్ట కడుతుంది. లోపల మట్టి గోలీలు తయారవుతాయి. ఎండిన చెరువు నెర్రెలిచ్చినట్లు ఇసుక పీపా గోడను వదిలేసి నెర్రె యిస్తుంది. ఇక నీరు ఇసుకలోకి యెందుకు దిగుతుంది? నెర్రె వెంట, బొక్కల వెంట సులభంగా జారిపోతుంది. అడ్డమే లేనప్పుడు గేజీల్లో తేడా యెట్లా కనిపిస్తుంది? అంటే తేడా యెక్కువైతే ఇసుక నిండినట్లు. పాతబడిన ఫిల్టరులో తేడా అసలు లేకపోతే అంతకంటె చెడ్డ కబురు కావచ్చు. గేజీలే చచ్చిపోయి వుండటమూ కద్దు. మోటారు ఆపినప్పుడు ముల్లు సున్నాకు రాకపోతే ఆ గేజీని నమ్మరాదు. ఒకే మంచి గేజీని ముందొకసారి, వెనకొకసారి బిగించి చూసుకోవడం మేలు. రెండు గేజీల తగువు వుండదు.

మేము ఆ మూత తీశాము. నల్లటి అట్ట, కుళ్లు వాసన. గోడ పక్కన నా నాలుగు వేళ్లు దిగేంత నెర్రె వున్నది. ఆ రైతు చాలాసేపు దానిలోకి చూస్తూ వూరుకున్నాడు. తరువాత "పాతినుముకు యేసేద్దామా?" అన్నాడు. అవసరం లేదన్నాను. పీపా తుప్పుపట్టి చిల్లు పడితే తప్ప ఫిల్టరు చచ్చిపోదు.

ఇక పని సంగతి. ముందుగా మోటారు ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. స్విచ్చి ఆపితే చాలదా అంటారు. మీరు పీపాలో చెయ్యి పెట్టినప్పుడు కరెంటు వచ్చిందని యెవరో ఒకరు మోటారు వేస్తారు. తోటకు పోయే వాల్వు గట్టిగా మూయండి. పైనున్న గాలి మర తిప్పి లోపలి వొత్తిడి పూర్తిగా వదలండి. అది వదలకుండా మూత బోల్టులు విప్పరాదు. వొత్తిడి మీద వున్న మూత మనిషి మొహం పగలగొడుతుంది. అడుగు బిరడా తీసి నీరంతా పోనివ్వండి.

మూత తీశాక తొందరపడి గడ్డపార తేవద్దు. అడుగున వున్న చిల్లుల మూతలు ప్లాస్టిక్కువి. ఒక్కటి పగిలినా ఇసుక తోటలోకి పోతుంది. చేత్తోనో, ప్లాస్టిక్ మగ్గుతోనో పని చేయాలి. పై అట్టను తీసి పారవేయండి. కింద ఇసుకను గుప్పెట పట్టి నలిపి చూడండి. గింజ గింజగా రాలితే ఆ ఇసుక ఇంకా బతికివున్నట్లే. గడ్డలుగా వుండి, పిసికితే చితికితే అవి మట్టి గోలీలు. ఇసుక మొత్తం పైకి తీసి తొట్టిలో కడగాలి. పిసికినా చితకకుండా, తెల్లని పొరతో రాయిలా అతుక్కుని వుంటే అది సున్నం. బోరు నీటిని ఫిల్టరు గుండా పంపిన చోట్ల ఇది చూస్తాము. అటువంటి ఇసుకతో కుస్తీ పట్టవద్దు, మార్చివేయండి. గింజల అంచులు అరిగి గుండ్రబడినా మార్చవలసిందే. గరుకు అంచులున్న గింజే మురికిని పట్టుకుంటుంది.

ఇక్కడ ఒక మాట. "వంకలో కావలసినంత ఇసుక వున్నది, డబ్బెందుకు దండగ" అనుకుంటారు. వంక ఇసుకలో సన్నం, లావు, ఒండ్రు అన్నీ కలిసి వుంటాయి. సన్నపుది అడుగు చిల్లుల్లో జారి మీ పైపుల్లోకి చేరుతుంది. ఫిల్టరుకు కావలసింది ఒకే పరిమాణంలో జల్లించిన సిలికా ఇసుక. యే పరిమాణం, యెన్ని కిలోలు అన్నది పీపా మీది రేకు మీదనో, కంపెనీ కాగితంలోనో వుంటుంది. దాని ప్రకారమే కొనండి.

ఇసుక పైకి తీసినప్పుడు అడుగు మూతలను ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూడండి. వదులైనది బిగించండి, చీలినది మార్చండి. ఫిల్టరు తరువాత వుండే జల్లెడ ఫిల్టరులో ఇసుక గింజలు కనబడి వుంటే, అడుగున మూత పగిలిందని ముందే తెలుసుకోవచ్చు. ఇసుక తిరిగి పోసేముందు పీపాలో సగం నీరు నింపండి. నీటిలోకి ఇసుక మెల్లగా దిగుతుంది, మూతలకు దెబ్బ తగలదు. పీపా నిండా పోయరాదు. పైన సుమారు మూడో వంతు ఖాళీ వుండాలి. కడిగేటప్పుడు ఇసుక పొంగి లేవడానికి ఆ చోటు.

నాచు జిగురు, వాసన యెక్కువగా వుంటే బ్లీచింగు పౌడరు వాడవచ్చు. పీపాలో పట్టే నీటికి లెక్క చూసుకుని, 100 లీటర్లకు 20 గ్రాముల పౌడరును విడిగా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రమే పోయండి. రాత్రంతా వుంచి, తెల్లవారి అడుగు బిరడా తీసి, మొక్కలు లేని చోటికి వదిలివేయండి. డ్రిప్పు శుభ్రానికి యాసిడ్ డబ్బా కూడా మీ గుడిసెలో వుండవచ్చు. ఆ రెండూ ఒకచోట కలవరాదు. కలిస్తే విషవాయువు పుడుతుంది. మూసిన గుడిసెలో అది ప్రాణం తీస్తుంది. ఒకదాని నీరు పూర్తిగా కడిగిపోయేదాకా రెండోదాని బిరడా తీయవద్దు.

ఇప్పుడు తిరగవేసి కడగడం – బ్యాక్‌వాష్ అని మీకు తెలిసిందే. వాల్వులు యెన్ని వున్నా సూత్రం ఒకటే. నీరు కిందినుంచి పైకి పోవాలి. ఆ మురికి నీరు బయటికి పోవాలి గాని తోట పైపుల్లోకి కాదు. జంట పీపాలున్న చోట ఒకదాని తేట నీరు రెండోదాన్ని కడుగుతుంది. రెండూ మూలబడి వుంటే రెండింటినీ ముందు చేత్తో బాగుచేసి గాని దీనికి దిగవద్దు. మూత బిగించి, రబ్బరు రింగు సరిగా కూర్చున్నదో లేదో చూసి, ఫ్యూజులు పెట్టి మోటారు వేయండి. బయటికి పోయే వాల్వును కొద్దికొద్దిగా తెరవండి. వచ్చే నీటి కింద తెల్లని గుడ్డ పట్టండి. గుడ్డమీద ఇసుక పడుతున్నదంటే వేగం యెక్కువైనట్లు. వాల్వు కొంచెం మూయండి. మురికి మాత్రమే వస్తున్నదంటే వేగం సరిపోయింది. గాజు గ్లాసులో పట్టి చూస్తూ వుండండి. నిత్యం కడిగే ఫిల్టరుకు అయిదారు నిమిషాలు చాలు. మూలబడినదానికి మూడు నాలుగు దఫాలు కావాలి. తాడిపత్రి తోటలో మొదటి గ్లాసు కాఫీ రంగు, చివరిది తేట.

నీరు తేరుకోగానే మామూలు దారికి తిప్పండి, కాని మొదటి నీటిని చెట్లకు పంపవద్దు. జల్లెడ ఫిల్టరు తీసి మెత్తని బ్రష్షుతో కడిగి బిగించి, సబ్‌మెయిన్ చివరి వాల్వులు తెరిచి మురికి పోనివ్వండి. తరువాత లాటరల్ పైపుల కొసలు నాలుగైదు చొప్పున విప్పి వదలండి. అన్నీ ఒకేసారి విప్పితే నీటికి వూపు చాలదు, మురికి కదలదు.

ఈ పని అయిన వెంటనే, ఇసుక కొత్తగా కడిగివున్నప్పుడు, రెండు గేజీల తేడా యెంతో చూసి పీపా మీద సుద్దతోనో పెయింటుతోనో రాయండి. అదే మీ ఫిల్టరు ఆరోగ్యపు లెక్క. సాధారణంగా తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలో దాటితే కడగవలెను. అర కిలో అంటే చిన్నదిగా కనిపించవచ్చు. మీ మోటారు నీటిని 5 మీటర్లు పైకి యెత్తే శక్తిని ఆ మురికి తినేస్తున్నదన్న మాట. అలాగే తేడా ఆ రాసిన అంకె కంటె బాగా తగ్గినా అనుమానించండి, మూత తీసి నెర్రె వున్నదేమో చూడండి.

డ్రిప్పర్లు బతికాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. గంటకు 4 లీటర్ల డ్రిప్పరు కింద కొలత గీతలున్న గ్లాసు 3 నిమిషాలు పెట్టండి. 200 మిల్లీలీటర్లు రావాలి. మొదటి సాలులో ఒకటి, నడుమ ఒకటి, చివరి సాలు చివరి చెట్టు దగ్గర ఒకటి కొలవండి. తాడిపత్రి రైతు తోటలో ఆ సాయంత్రం మొదటి సాలులో 190 వచ్చింది. చివర్న 70. అంటే ఫిల్టరు బాగైనా, ఇదివరకే దాటిపోయిన మురికి డ్రిప్పర్లలో వున్నది. దానికి యాసిడ్ పెట్టడం వేరే పని, దాన్ని గురించి మరోసారి చెప్పుకుందాం. ఆ లోగా చివరి మూడు సాళ్ల చెట్లకు పాదులు చేసి బిందెలతో నీళ్లు పోయమని చెప్పి వచ్చాను. పొద్దు గుంకేవేళకు ఆయన భార్య, కొడుకు అప్పుడే మొదలుపెట్టారు.