పోయినసారి తగ్గించిన మాత్ర ఈసారి ఎందుకు పనిచేయదు?

మూత్రంలో మంట మొదలైతే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు, మజ్జిగ అయ్యాక మెడికల్ షాపుకెళ్లి పోయినసారి వాడిన మాత్రే మళ్లీ అడుగుతారు. ఈసారి మంట తగ్గదు. ‘ఒళ్లు మందుకు అలవాటు పడిపోయింది’ అనుకుంటారు. నిజానికి మందుకు లొంగడం మానేసింది ఒళ్లు కాదు, అందులో కాపురముంటున్న బ్యాక్టీరియా.

చాలాసార్లు అది ఈ.కోలి. పేగుల్లో ఉన్నన్నాళ్లూ మామూలుగా దానితో పేచీ లేదు, మూత్రమార్గంలోకి పాకితేనే గొడవ. ఆడవాళ్లలో ఆ దారి సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి వాళ్లకే ఈ బాధ ఎక్కువ.

అసలు కిటుకు పేగుల్లోనే ఉంది. జలుబుకని యాంటీబయాటిక్ మింగితే, వైరస్ వల్ల వచ్చిన ఆ జలుబును అదేమీ చేయలేదు. పేగుల్లోని ఈ.కోలి మీద మాత్రం పనిచేస్తుంది: లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. కొన్నాళ్లకు మూత్రాశయానికి చేరేది ఆ మిగిలిన సంతతి కావచ్చు. అందుకే ‘ఈమధ్య ఏం మందులు వాడారు?’ అని డాక్టరు అడిగితే, మూత్రానికి వాడినవొక్కటే చెప్పి ఊరుకోకూడదు.

మరి లొంగనివి మందును ఎలా తప్పించుకుంటాయి? సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా డీఎన్‌ఏ మెలికలను సరిచేసే ఎంజైమును పట్టుకుంటుంది. జన్యువు మారి ఆ ఎంజైము రూపంలో కాస్త తేడా వస్తే పట్టు జారుతుంది. సెఫలోస్పోరిన్ రకం యాంటీబయాటిక్‌లనైతే ఏకంగా విరగ్గొట్టే ఎంజైములున్నాయి, మూత్ర పరీక్ష రిపోర్టులో ఈఎస్‌బీఎల్ అని రాసేది వాటినే. ఆ ఎంజైముల జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటాయి. పక్కవాడి నోట్సు దించుకున్నట్టు ఒక జాతి బ్యాక్టీరియా నుంచి మరో జాతి కూడా దాన్ని అందుకోగలదు.

2008లో స్వీడన్‌లో, ఢిల్లీలో వైద్యం చేయించుకుని వెళ్లిన భారత సంతతి రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. చివరి అస్త్రాలనుకునే కార్బపెనెమ్ యాంటీబయాటిక్‌లకూ అది లొంగలేదు. ఆ మందులను విరగ్గొట్టే దాని ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టారని మన దేశంలో పెద్ద రభసే జరిగింది. అందులో సగం మురుగునీటి మీద జరిగినా బాగుండేది. 2007లోనే పటాన్‌చెరు దగ్గర, మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. పేగుల్లో జరిగే ఏరివేతే అలాంటి నీళ్లలోనూ జరగొచ్చు.

మరి ఈసారి ఏ మందు పనిచేస్తుందో తేల్చేది కల్చర్ పరీక్ష. దానికి మూత్రం మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి, అదీ మధ్యలో వచ్చే ధార. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. 1950ల నాటి నైట్రోఫ్యురాంటాయిన్ అనే మందు ఇప్పటికీ చాలామందికి పనిచేస్తోంది. అది మూత్రంలో చిక్కగా చేరి, బ్యాక్టీరియాను ఒకేసారి పలుచోట్ల దెబ్బతీస్తుంది. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కు మాత్రం చాలదు. చలిజ్వరం, నడుము పక్కల నొప్పి ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఏ బాధా లేకుండా రిపోర్టులో బ్యాక్టీరియా కనిపిస్తే చాలామందికి మందే అక్కర్లేదు. గర్భిణులకు మాత్రం ఇవ్వాలి.