పక్క పక్క మంచాల మీద ఇద్దరు తల్లులు



మన నూజివీడు తోటల్లో బంగినపల్లి, రసాలు కోతకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో బాలింతల వార్డు మామిడిపండ్ల వాసనతో నిండిపోతుంది. చూడవచ్చే చుట్టాల చేతిలో పండ్ల సంచి ఉంటుంది. నోట్లో ఒకే ప్రశ్న ఉంటుంది: “నార్మలా, ఆపరేషనా?” బిడ్డ బరువెంత, తల్లి ఎలా ఉంది అన్నవి ఆ తర్వాతే అడుగుతారు.

అలాంటి ఒక మధ్యాహ్నం రౌండ్లకు వెళ్లినప్పుడు పక్క పక్క మంచాల మీద ఇద్దరు తల్లులు మాట్లాడుకోవడం విన్నాను. చిన్నామెకు ఆపరేషన్ అయి రెండు రోజులు.

“నీకేం అక్కా, మర్నాడే లేచి తిరుగుతున్నావు. నాకు దగ్గు వస్తే పొట్ట పట్టుకోవాల్సి వస్తోంది” అంది.

“నీదే నయం చెల్లీ. రాత్రంతా నేను పడ్డ నొప్పులు పగవాళ్లకు కూడా వద్దు. కుట్ల మీద కూర్చోలేకపోతున్నాను” అంది రెండో ఆమె.

ఇంతలో చిన్నామె అత్తగారు అందుకుంది: “మా కాలంలో అయిదుగురిని కన్నాం. ఒక్కసారి కూడా కత్తి తగల్లేదు. ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు.” ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లనిండా నీళ్లు.

ఆ అమ్మాయి పదకొండు గంటలు నొప్పులు ఓర్చుకుంది. చివరికి బిడ్డ గుండె చప్పుడు పడిపోయి, మళ్లీ కోలుకోకపోవడంతో డాక్టరు గారు ఆపరేషన్ చేశారు. ఈ సంగతి కేస్ షీట్‌లో ఉంది, నాకు తెలుసు. ఆ అమ్మాయికే తెలియదు. హడావుడిలో సంతకం పెట్టించుకున్నాం గాని తర్వాత పక్కన కూర్చుని ఎందుకు చేశామో ఎవరమూ చెప్పలేదు. ఆ తప్పు మాది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

రెండింటిలో ఏది సులువు?

నిజం చెప్పాలంటే రెండూ సులువు కావు. నొప్పి వచ్చే సమయం మాత్రం వేరు.

మామూలు కాన్పులో నొప్పి ముందు ఉంటుంది. మొదటి కాన్పుకు గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తర్వాత కూడా 12 గంటల వరకు పట్టవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కాన్పు అయ్యాక తల్లి త్వరగా లేస్తుంది, రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి వెళ్తుంది. అయితే కింద చీలిక, కుట్లు ఉండవచ్చు. కొందరికి దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడే ఇబ్బంది కొన్నాళ్లు ఉంటుంది. దీన్ని సిగ్గుపడి దాచుకోవద్దు. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం మా సిస్టర్లు నేర్పుతారు.

సిజేరియన్‌లో నొప్పి తర్వాత ఉంటుంది. వెన్నుకు మత్తు ఇస్తారు కనుక కోసేటప్పుడు నొప్పి తెలియదు. కానీ ఇది పొట్టలో ఏడు పొరలు దాటి చేసే పెద్ద ఆపరేషన్. రక్తం మామూలు కాన్పు కంటే ఎక్కువ పోతుంది. కుట్లకు చీము పట్టడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువ. పూర్తిగా కోలుకోవడానికి ఆరు వారాలు పడుతుంది.

ఆపరేషన్ ఎప్పుడు తప్పదు?

మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుగా ఉన్నప్పుడు, నొప్పుల వేళకు బిడ్డ అడ్డం తిరిగి ఉన్నప్పుడు, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు పడిపోయి కోలుకోనప్పుడు, నొప్పులు బాగా వస్తున్నా బిడ్డ దిగలేనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. అప్పుడు “ఇంకాసేపు చూద్దాం” అని బంధువులు పట్టుబట్టడం ప్రమాదం.

అయితే “పేగు మెడకు చుట్టుకుంది” అన్న ఒక్క మాటతో ఆపరేషన్ అవసరం రాదు. చాలామంది బిడ్డలు అలాగే క్షేమంగా పుడతారు. గుండె చప్పుడు బాగుంటే కనిపెట్టి చూస్తే చాలు.

మంచి ముహూర్తానికి బిడ్డను తీయమని అడిగేవారు కూడా ఉన్నారు. బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉన్న నీరు నొప్పుల సమయంలో బాగా ఇంకుతుంది. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా తీస్తే బిడ్డ ఆయాసంతో అద్దాల పెట్టెలో ఉండవలసి రావచ్చు. అది మంచి ఘడియ ఎలా అవుతుంది?

లెక్కలు ఏమంటున్నాయి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. తెలంగాణలో దాదాపు 61. దేశమంతా కలిపి చూస్తే 22 లోపే. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 27, ప్రైవేటు ఆసుపత్రుల్లో 63.

ఒక జనాభా మొత్తంలో సిజేరియన్లు నూటికి 10 వరకు పెరిగేకొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతాయనీ, అది దాటాక తగ్గినట్లు ఆధారం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఫలానా అంకె చేరడం ముఖ్యం కాదు, అవసరమున్న ప్రతి తల్లికీ ఆపరేషన్ అందడమే ముఖ్యమని కూడా అందులోనే చెప్పింది. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకోవాలి.

వార్డులో వినిపించే మాటలు

“ఆపరేషన్ అయితే పాలు రావు.” కాదు. మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పెట్టాలి. పాలు పడడం ఒకరోజు ఆలస్యం కావచ్చు, అంతే. ముర్రుపాలు పిండి పారేయవద్దు.

“వెన్ను ఇంజెక్షన్ వల్ల జీవితాంతం నడుమునొప్పి.” కాదు. బిడ్డను ఎత్తుకునే తీరు, వంగి పాలివ్వడం, గర్భంలో వదులైన కండరాలు అసలు కారణాలు. రెండు రకాల బాలింతలకూ ఇది వస్తుంది.

“బాలింత మంచం దిగకూడదు.” దిగాలి. ఆపరేషన్ అయినా డాక్టరు గారు చెప్పగానే, ఒకరి చేయి పట్టుకుని మర్నాటికల్లా నడవాలి.

“ఒకసారి ఆపరేషన్ అయితే ఎప్పుడూ ఆపరేషనే.” అన్నిసార్లూ కాదు. నా మొదటి బిడ్డ ఆపరేషన్‌తో, రెండో బిడ్డ మామూలుగా పుట్టారు. గర్భసంచి కింది భాగంలో అడ్డంగా ఒకే ఒక్క కోత ఉండి, వేరే ఇబ్బంది లేని తల్లులు ప్రయత్నిస్తే 100 మందిలో 60 నుండి 80 మంది మామూలుగా కనగలరు. కానీ పాత కుట్టు విడిపోయే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి ఉంది. కనుక ఆపరేషన్ థియేటర్, రక్తం సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. మొదటి ఆపరేషన్ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. ఆపరేషన్లు పెరిగేకొద్దీ మాయ గర్భసంచికి అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుందని కూడా మరువకండి.

డాక్టరు గారిని అడగండి

• నాకు ఆపరేషన్ ఎందుకు అవసరం? ఇప్పుడే చేయాలా, ఆగి చూడవచ్చా?
• నొప్పుల సమయంలో మా అమ్మగాని అక్కగాని నా పక్కన ఉండవచ్చా? (తోడు ఉంటే తల్లికి ధైర్యం, కాన్పు కూడా తేలికవుతుంది.)
• తర్వాతి కాన్పుకు నేను ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఈ ప్రశ్నలు అడిగితే మేము కోప్పడం. అడగకపోయినా చెప్పడం మా విధి.

ఆ సాయంత్రం నేను ఆ అమ్మాయి మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. అత్తగారిని కూడా కూర్చోమన్నాను. బిడ్డ గుండె చప్పుడు ఏ వేళకు ఎంతకు పడిపోయిందో కాగితం మీద చూపించాను. “ఇంకో అరగంట ఆగితే ఏమై ఉండేదో నేను చెప్పలేనమ్మా. మీ కోడలు పదకొండు గంటలు ఓర్చుకుంది. తర్వాత బిడ్డ కోసం కోతకు కూడా ఒప్పుకుంది” అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, బిడ్డను తీసి కోడలి ఒళ్లో పెట్టి, వీపు వెనుక దిండు సర్దింది. పక్క మంచం ఆమెను చూసి, “నీకూ రాత్రంతా నిద్ర లేదటగా అమ్మా, పడుకో. నీ పిల్లను నేను చూస్తాను” అంది.

ఈసారి బాలింతను చూడడానికి వచ్చినప్పుడు “నార్మలా, ఆపరేషనా?” అని అడగకండి. “ఎలా ఉన్నావమ్మా? ఏమైనా తిన్నావా?” అని అడగండి.

మీ
నర్సింగ్ సూపరింటెండెంట్