మీకు తెలుసా? రాత్రి బస చేస్తేనే కనబడే సిక్కోలు, విజయనగరం

విశాఖలో పొద్దున్నే కారెక్కి, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు ముగించుకుని చీకటి పడేలోగా వెనక్కి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. శ్రీకాకుళం, విజయనగరం అంటే దారిలో తగిలే ఊళ్లు అనే భావన అలా పాతుకుపోయింది. అది చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఈ ప్రాంతంలో గొప్పవన్నీ వేళను బట్టి, రుతువును బట్టి, ఒక్కోసారి వారాన్ని బట్టి కనబడేవి. సూర్యోదయానికి ముందే గుడి దగ్గర నిలబడాలి, లేదా చింతచెట్ల మీద గూళ్లు కట్టే నెలల్లో రావాలి, లేదా దసరా వెళ్లిన మంగళవారం రథవీధిలో ఉండాలి. ఒక్కపూటకు వచ్చేవాళ్లకు ఇవేవీ అందవు.

అరసవల్లిలో కిరణాలు పడేది ఆ తేదీల్లోనే ఎందుకు?

మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు ఎండ గుమ్మాలన్నీ దాటుకుని గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుంది. ఈ సంగతి అందరికీ తెలిసిందే. తేదీల మధ్య ఉన్న లెక్కను మాత్రం ఎక్కువమంది గమనించరు. సూర్యుడు సరిగ్గా నడితూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే: మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకసారి. అరసవల్లి తేదీలు మొదటిదానికి పదిరోజుల ముందు, రెండోదానికి తొమ్మిది పది రోజుల తర్వాత వస్తాయి. ఈ రెండు వేళల్లోనూ పొద్దు పొడిచేది దాదాపు ఒకేచోట, తూర్పుకు ఓ నాలుగు డిగ్రీలు దక్షిణంగా. ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి సూర్యుడు అదే గుమ్మానికి ఎదురవుతాడు. ఆ రేఖను చూసుకుని గుడి కట్టినవాళ్ల కంటిచూపుకు దణ్ణం పెట్టాలి. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని ఆలయ చరిత్ర చెబుతుంది. ఇప్పుడు మనం చూస్తున్న గుడి 1778లో ఎలమంచిలి పుల్లాజీ పంతులు పునరుద్ధరించినది.

ఆ వెలుగు ఉండేది కొద్ది నిమిషాలే. మబ్బు పట్టిందంటే అదీ ఉండదు. అక్టోబరు మొదట్లో ఇక్కడ వానలు ఇంకా వదలవు గనుక, ఎంచుకునే వీలుంటే మార్చికే రమ్మంటాను. ఎప్పుడు వచ్చినా ముందురోజు రాత్రే శ్రీకాకుళం చేరుకోవాలి.

ఒకే గుడికి రెండు ధ్వజస్తంభాలు

అరసవల్లికి తూర్పున, గార మండలంలో శ్రీకూర్మం ఉంది. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే గుళ్లు మన దేశంలో అతి అరుదు. స్వామి ఇక్కడ పడమటికి చూస్తుంటాడు. అందుకే తూర్పున ఒకటి, పడమట ఒకటి ధ్వజస్తంభాలున్నాయి. ఫాల్గుణ పున్నమికి డోలోత్సవం జరుగుతుంది. చుట్టు మండపం గోడల మీద పాత వర్ణచిత్రాలున్నాయి. కొన్ని వెలిసిపోయాయి, ఉన్నవైనా నిలవాలని కోరుకోకుండా ఉండలేం. స్తంభాల నిండా శాసనాలే. మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులు 1281లో వేయించిన శాసనం వాటిలో ఒకటి. ఆయన సన్యాసి అయ్యుండీ గంగ రాజుల పాలన వ్యవహారాలు చూసినవాడు. గుడి ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూడందే పిల్లలు కదలరు. అవి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవాలు, ముట్టుకోకుండా చూడాలి.

పూరీ గుడి కట్టించిన రాజు పట్టాభిషేకం వంశధార ఒడ్డునే జరిగింది, తెలుసా?

ఏటా మన తెలుగువాళ్లు పూరీ జగన్నాథుణ్ణి, కోణార్క సూర్యదేవాలయాన్ని చూడటానికి రైళ్లలో వెళ్తారు. ఆ రెండింటినీ కట్టించినది గంగ వంశం. ఆ వంశపు పాత రాజధాని కళింగనగరం. జలుమూరు మండలంలో వంశధార పక్కన ఉన్న శ్రీముఖలింగమే ఆ కళింగనగరం. అనంతవర్మ చోడగంగదేవుడికి 1078లో ఇక్కడే పట్టం కట్టారు. పూరీలో జగన్నాథాలయానికి పునాది వేసింది ఆయనే. రాజధానిని కటకానికి తరలించిందీ ఆయనే. పదమూడో శతాబ్దంలో కోణార్క కట్టించిన నరసింహదేవుడు ఆ వంశంలో తర్వాతి తరాలవాడు.

ముఖలింగంలో చూడాల్సినవి మూడు గుళ్లు: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. ఎనిమిదో శతాబ్దానికీ పదో శతాబ్దానికీ మధ్య కట్టినవి. విమానాలు చూస్తే ఒరిస్సా తీరు స్పష్టంగా కనబడుతుంది. ఇంకా పూరీ లేదు, కోణార్క లేదు, ఆ శిల్పం మాత్రం ఇక్కడ చేయి తిరుగుతోంది. మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట్లో వెలిశాడని స్థలపురాణం. లింగం వెనక పెద్ద మట్టి గోలెం ఒకటి ఉంటుంది, ఒక కుమ్మరి మొక్కు చెల్లించి పెట్టినదని చెబుతారు. వారాహి విగ్రహం దగ్గర ఆగండి. ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, విమానం ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉంటుంది. బయటి గోడల మీది శిల్పాలు చూడటానికి సాయంత్రపు వాలుటెండ బాగుంటుంది. గంగ రాజులు తమ తామ్రశాసనాల్లో తలచుకునే గోకర్ణేశ్వరుడి మహేంద్రగిరి ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఉద్దానం వైపు వెళ్తే ఆ కొండలు కనబడతాయి.

కళింగనగరం అంటే పేరు కలుస్తోంది గనుక కళింగపట్నమే అయ్యుంటుందని అనుకున్న రోజులుండేవి. కాదు, ముఖలింగమే అని శాసనాల ఆధారంతో వాదించింది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ను అందరూ ఎరుగుదురు. ఆయన పుట్టింది 1863లో, ముఖలింగం పక్కనే ఉన్న పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, శాసనాల లిపిని తనంతట తాను నేర్చుకుని ఈ గుడి గోడలను చదివాడు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే మనం ఒక్కసారైనా ఆ గోడల ముందు నిలబడితే ఆయన శ్రమ ఎంతటిదో అర్థమవుతుంది.

శాలిహుండం బయటపడింది కూడా గిడుగువారి వల్లే

వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, దక్షిణపు ఒడ్డు కొండ మీద బౌద్ధారామం శిథిలాలున్నాయి. 1919లో గిడుగు రామమూర్తి దీన్ని లోకం దృష్టికి తెచ్చారు. తవ్వకాల్లో ఇటుక స్తూపాలు, చైత్యగృహాలు, తార, మారీచి విగ్రహాలు దొరికాయి. కొండ ఎక్కితే కింద వంశధార, దూరంగా కళింగపట్నం, ఆ వెనక సముద్రం ఒకే చూపులో కనబడతాయి. రేవులో దిగిన బేరగాళ్లకూ, కొండ మీది భిక్షువులకూ ఉన్న బంధం ఏ పుస్తకమూ చదవకుండానే తెలిసిపోతుంది. పొద్దున ఎనిమిదిలోపు ఎక్కండి, నీడ తక్కువ.

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి రావు

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికీ, ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికీ ‘సైబీరియా పక్షులు’ వస్తాయని బోర్డుల మీదా పత్రికల్లోనూ రాస్తూనే ఉంటారు. తేలినీలాపురంలో గూళ్లు కట్టేవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. తేలుకుంచికి వచ్చేవి నత్తగొట్టు కొంగలు. ఈ మూడూ దక్షిణాసియాలో పుట్టి పెరిగే జాతులే. సైబీరియాతో వాటికి చుట్టరికం లేదు. మన చెరువులను, మన చిత్తడి నేలలను నమ్ముకున్న మన పక్షులవి. ఆ మాట చెప్పడం వల్ల వాటి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు: నౌపడ చిత్తడి నేలలు ఎండిపోతే వాటికి వేరే దేశం లేదు.

తేలుకుంచికి కొంగలు తొలకరితో వస్తాయి. వాటి ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. నత్తలను పట్టి లోపలి కండను లాగడానికి ఆ ముక్కు పనికొస్తుంది. పొలంలో నత్తలు తగ్గుతాయి కాబట్టి రైతుకూ మేలే. తేలినీలాపురం సీజను సెప్టెంబరు నుంచి మార్చి దాకా. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఊళ్లోవాళ్లు వీటిని చూసుకుంటారు. పెరటి చింతచెట్టు రెట్టలతో తెల్లబడినా కొమ్మ నరకరు, గూడు కదపరు. అక్కడికి వెళ్లినప్పుడు కారు హారన్ కొట్టకండి, చెట్ల కింద మాట తగ్గించండి.

పొందూరు ఖాదీకి చేప పన్ను కావాలి

పొందూరులో సన్నఖాదీ నూలు వడకాలంటే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలో ఉండే సన్నని పళ్లు గింజను అంటిన పోగులను చిక్కులేకుండా సాపు చేస్తాయి. దువ్వేది, ఏకేది, వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. నూరో నంబరు నూలు చేత్తో తీసే చోటు ఇది. ఊళ్లోని ఖాదీ సంఘంలో పంచె కొనేముందు, వీలైతే ఆ దువ్వడం ఒకసారి చూడండి. ఆ తర్వాత ధర ఎక్కువనిపించదు.

రైలు టికెట్లో శ్రీకాకుళం రోడ్, దిగేది ఆమదాలవలసలో

శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషన్ లేదు. స్టేషన్ ఉన్నది పదమూడు కిలోమీటర్ల దూరంలోని ఆమదాలవలసలో. అక్కడ దిగినవాళ్లు వెంటనే ఆటో ఎక్కేస్తారు. గంట తీరిక ఉంటే అదే మండలంలోని దన్నానపేటకు వెళ్లండి. చరిత్రకు ముందునాటి మనుషులు తమవాళ్లను పూడ్చిన చోట, ముప్ఫై అడుగులు దాటిన ఒకే రాతిపలక ఉంది. దాన్ని ఎలా మోశారో, ఎలా ఎత్తారో ఊహకు అందదు.

విజయనగరం పేరులో ఒక సంవత్సరం దాగి ఉంది

పూసపాటివారి కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు విజయ నామ సంవత్సరం, ఆ రోజు విజయదశమి. మన సంవత్సరాల చక్రం అరవై ఏళ్లది కదా, 1713 నుంచి ఐదు చుట్లు తిరిగితే 2013 కూడా విజయ నామ సంవత్సరమే. లెక్క సరిపోయింది.

దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చింతచెట్టు నుంచి తీసిన పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు. మాను పైకి లేచి, మూడులాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ముందురోజు సోమవారం రాత్రి తొలేళ్లు. అసలు ఊరంతా మేలుకుని ఉండేది ఆ రాత్రే, దాన్ని వదలుకోవద్దు. అమ్మవారు పూసపాటివారి ఆడపడుచని, 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంతో ఆమె కథ ముడిపడి ఉందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు.

మిగిలిన రోజుల్లో వచ్చినవాళ్లు గురజాడ ఇల్లు, 1919లో మొదలైన సంగీత కళాశాల చూడాలి. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల చదువుకున్నది ఇక్కడే.

బొబ్బిలి వెళ్తే కోటతో ఆగకుండా పక్కనున్న గొల్లపల్లి దాకా వెళ్లండి. పనస దుంగలో వీణను చెక్కే ఇళ్లు అక్కడున్నాయి. కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించకుండా ఒకే మానులో తొలిచే ఏకాండ వీణ వాళ్ల ప్రత్యేకత. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు ఉంది. అతిథులకు ఇచ్చే చిన్న వీణలూ అక్కడే తయారవుతాయి.

మరి ఉండేదెక్కడ?

ఐదు నక్షత్రాల హోటళ్లు కావాలనుకుంటే విశాఖ బీచ్ రోడ్డే గతి. భోగాపురం వైపు సముద్రపు ఒడ్డున రిసార్టులున్నాయి. అక్కడే అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరగడంతో పెద్ద హోటళ్ల చూపు ఇటు మళ్లింది. మంచిదే. కానీ ఆ హోటళ్లు విశాఖ నగరానికి శివారుగా మిగిలిపోకూడదు. శ్రీకాకుళం, విజయనగరం పట్నాల్లో సుఖంగా పడుకోదగ్గ మామూలు హోటళ్లున్నాయి, ముఖలింగానికీ తేలినీలాపురానికీ పొద్దున్నే చేరాలంటే అవే దగ్గర. మీరు ఇక్కడ గడిపే ప్రతి రాత్రి వల్ల ఈ ఊళ్లలో ఒక ఆటోకూ, ఒక టిఫిన్ దుకాణానికీ, ఒక నేతగాడికీ నాలుగు రూపాయలు చేరతాయి. వలసలతో ఖాళీ అవుతున్న జిల్లాలకు ఆ నాలుగు రూపాయలు పెద్దవి. అరసవల్లి రథసప్తమికీ, విజయనగరం సిరిమానుకూ గదులు దొరకడం కష్టం, ముందే చెప్పి ఉంచుకోండి.

పైకప్పు వద్దన్న దేవుడు

టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి గర్భగుడి కప్పు లేదు. ఎండలో, వానలో లింగం అలాగే ఉంటుంది. కప్పు వేయడం స్వామికి ఇష్టం లేదని భక్తుల నమ్మకం. కార్తీక సోమవారాల్లో జనం పోటెత్తుతారు.

నౌపడ నుంచి గుణుపూరు దాకా

1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరిదాకా సన్నని పట్టాల మీద రైలు వేయించారు. తర్వాత అది గుణుపూరు దాకా సాగింది. ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో ఆ బుల్లి రైలు ఆగిపోయి, పట్టాలు వెడల్పయ్యాయి. ఉప్పుమళ్ల పక్కన బయల్దేరి టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల దాకా వెళ్లే ఆ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే చాలు. అదే యాత్రలో మందస కూడా కలుపుకోండి. వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి బయటికొచ్చాక మందస కోవా తినండి, ఇంటికి రెండు పొట్లాలు కట్టించుకోండి. పలాస జీడిపప్పు దారిలోనే దొరుకుతుంది.