కడుపుతో ఉన్నప్పుడు గుండెదడ... మాత్ర వేసుకోవచ్చా?

తుపాను హెచ్చరిక వచ్చిందంటే మైపాడులోనైనా, జువ్వలదిన్నెలోనైనా ఆ రాత్రి ఎవరికీ కంటిమీద కునుకుండదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానునూ, 2004 డిసెంబరు 26 నాటి సునామీనీ కళ్లారా చూసిన పెద్దవాళ్లు నెల్లూరు తీరంలో ఇంకా ఉన్నారు. అలాంటి ఇంట్లో, వేటకెళ్లిన మనిషి ఇంకా ఒడ్డుకు రాలేదంటే, ఏడోనెల కడుపుతో ఉన్న కోడలి పరిస్థితి ఏమిటో వేరే చెప్పాలా? గుండె దడదడలాడుతుంది. అన్నం సయించదు. "ఏందమ్మే ఇది, ఊరికే దిగులు పడితే బిడ్డకు మంచిది కాదు" అని అత్తగారు కసురుతుంది. దాంతో దిగులు తగ్గదు సరికదా, 'నా వల్ల బిడ్డకేమవుతుందో' అన్న బెంగ కూడా తోడవుతుంది.

తుపాను వెళ్లిపోయి, మనిషి క్షేమంగా ఇల్లు చేరితే ఆ దడ తగ్గాలి. తగ్గకపోతే? ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన నిద్రమాత్ర తీసి వేసుకోవడం ఒకటి. అంతకుముందు నుంచీ వాడుతున్న మాత్రను కడుపు నిలిచిందని తెలియగానే ఎవరికీ చెప్పకుండా మానేయడం రెండోది. రెండూ ప్రమాదమే.

ఒక చేదు పాఠం

1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికొచ్చింది. నిద్రకూ, మనసు నెమ్మదించడానికీ మంచిదన్నారు. వేవిళ్లకు కూడా వాడారు. చాలా దేశాల్లో కలిపి 10,000 మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. 1961 చివర్లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు. బిడ్డ అవయవాలు ఏర్పడే మొదటి మూడు నెలల్లో సొంతంగా ఏ మాత్రా మింగకూడదని డాక్టర్లు అంత గట్టిగా చెప్పడం వెనక ఈ అనుభవం ఉంది.

అలాగని అన్ని మందులూ ఒకటి కావు.

ఏ మందు ఎలాంటిది?

అల్ప్రాజోలం, డయాజిపాం వంటివి వెంటనే మత్తునిచ్చి నిద్రపుచ్చుతాయి. కానీ అలవాటైపోతాయి. కాన్పు దగ్గరపడ్డాక వాడితే పుట్టిన బిడ్డ మగతగా ఉండి, పాలు సరిగా తాగకపోవచ్చు. ఊపిరి తీసుకోవడమూ కష్టం కావచ్చు. అందుకే వీటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఉంది. అయితే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఆందోళన మరీ ఎక్కువైనప్పుడు గర్భిణులకు సెర్ట్రలిన్ వంటి మందును డాక్టర్లు ఇస్తారు. ఇది మత్తుమందు కాదు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కొందరు పిల్లల్లో పుట్టిన తొలి రోజుల్లో కాస్త చికాకు, వణుకు కనిపించి సర్దుకుంటాయి. కాన్పు చేసే డాక్టరుకు ఈ మాత్ర సంగతి ముందే చెబితే బిడ్డను కనిపెట్టి చూస్తారు.

వాల్ప్రోయేట్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఫిట్స్‌కూ, కొన్ని మానసిక జబ్బులకూ ఇచ్చే ఈ మందు వాడిన తల్లులకు పుట్టిన ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు 10 మందిలో అవయవ లోపాలు ఉంటాయి. ఇది వాడుతున్నవారు కడుపు నిలవకముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. ఈలోపే నిలిస్తే ఆ వారమే వెళ్లాలి. అప్పటిదాకా సొంతంగా ఆపకూడదు.

మూలికలే కదా అని అశ్వగంధ వంటివీ అడగకుండా వాడొద్దు.

ఎప్పుడు డాక్టరు దగ్గరకెళ్లాలి?

కాన్పు గురించి కాస్త భయం అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, కారణం లేకుండా దడ, ఆయాసం వస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా ఆలస్యం చేయొద్దు. రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా దడ వస్తుంది కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయిస్తారు. ఆందోళన అంత తీవ్రంగా లేకపోతే నిపుణులతో మాట్లాడే చికిత్సే చాలామందికి సరిపోతుంది. తీవ్రమైన ఆందోళనను వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటివి జరిగే అవకాశం పెరుగుతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. బీపీతో పాటు మనసులో మాట కూడా అక్కడే చెప్పండి.
* టెలి మానస్ నెంబరు 14416. 24 గంటలూ ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే క్షణం ఆగకుండా ఇంట్లో చెప్పండి, ఈ నెంబరుకు ఫోన్ చేయండి.
* సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానండి. పడుకునే ముందు తుపాను వార్తలు చూడొద్దు. ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.
* తుపాను షెల్టరుకు బయల్దేరేటప్పుడు మందుల చీటీ, పది రోజుల మాత్రలు ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట ఉంచుకోండి. నెలలు నిండినవారిని ముందే ఆసుపత్రికి తరలిస్తామంటే కాదనకండి.

ఇక అత్తగార్లకు, అమ్మలకు ఒక మాట. "దిగులు పడకు" అంటే దిగులు పోదు. "ఏమనిపిస్తోందమ్మా?" అని పక్కన కూర్చుని అడగండి. వచ్చేసారి పరీక్షకు తనతోపాటు మీరూ వెళ్లండి.