హమామట్సు పియానోలు: యమహానా, కవాయా?

జపాన్ పియానో కొనాలనుకున్నవారి ముందు చివరికి ఎక్కువగా నిలిచేవి రెండు పేర్లు: యమహా, కవాయి. రెండూ టోక్యో, ఒసాకాల మధ్య ఉన్న హమామట్సు పట్టణంలోనే పుట్టాయి. 1887లో అక్కడి బడిలో పాడైన రీడ్ ఆర్గన్‌ను బాగుచేసిన తొరకుసు యమహా, ఆ తర్వాత సొంతంగా ఒకటి తయారుచేసి, కావడిబద్దకు కట్టి, హకోనె కొండలు దాటి టోక్యోలోని సంగీత సంస్థకు మోసుకెళ్లాడు. శ్రుతి కుదరలేదన్నారు అక్కడివారు. ఆయన నిరాశపడలేదు. అక్కడే ఉండి శ్రుతి చేసే విద్య నేర్చుకుని, తిరిగొచ్చి మరొకటి చేశాడు. 1897లో నిప్పన్ గక్కి కంపెనీ (నేటి యమహా), 1900లో దాని తొలి అప్‌రైట్ పియానో వచ్చాయి. చిన్నతనంలోనే ఆయన దగ్గర పనికి చేరిన కొయిచి కవాయి 1927లో విడిగా సొంత సంస్థ పెట్టాడు. తెలుగువారికి యమహా అనగానే మోటార్‌సైకిల్ గుర్తొస్తుంది. ఆ కంపెనీ 1955లో ఈ వాద్యాల కంపెనీ నుంచి విడివడినదే; దాని గుర్తులో కనిపించేవి మూడు శ్రుతిదండాలు.

వాయించేవారు చెప్పే మొదటి తేడా నాదంలో ఉంటుంది. యమహా స్వరం తేటగా, పదునుగా పలుకుతుందని, కవాయి స్వరం గుండ్రంగా, కాస్త మెత్తగా ఉంటుందని సాధారణ అభిప్రాయం. ఇది చాలావరకు నిజమే కానీ, శాశ్వతం కాదు. మెట్టు నొక్కితే తీగను కొట్టేది ఫెల్టు చుట్టిన చిన్న సుత్తి. ఆ ఫెల్టు గట్టిపడేకొద్దీ స్వరం పదునెక్కుతుంది. నేర్పున్న టెక్నీషియన్ దాన్ని సూదులతో గుచ్చి మెత్తబరచగలడు. గది ప్రభావమూ తక్కువేమీ కాదు. సిమెంటు గోడలు, నున్నటి గచ్చు ఉన్న చిన్న గదిలో పదునైన స్వరం చెవులకు కటువుగా తగులుతుంది. తివాచీ, తెరలు ఉంటే అదే పియానో హాయిగా వినిపిస్తుంది. అంగడిలో విన్నదే ఇంట్లోనూ వినిపిస్తుందనుకోకూడదు.

అసలైన తేడా లోపల ఉంది. మెట్టు కదలికను సుత్తికి చేరవేసే యంత్రాంగాన్ని యాక్షన్ అంటారు. యమహా దీన్ని ప్రధానంగా కర్రతోనే చేస్తుంది. కవాయి 1970ల నుంచే అందులో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ భాగాలు వాడుతోంది. తర్వాత వాటికి కార్బన్ జోడించి మిలీనియం త్రీ యాక్షన్ తెచ్చింది. ప్లాస్టిక్ అనగానే చవక సరుకని ముఖం చిట్లించేవారున్నారు. ఆ చిన్నచూపు సరికాదు. కర్ర వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. ఏబీఎస్‌కు ఆ బాధ చాలా తక్కువ. సముద్రతీర పట్టణాల్లో ఉండేవారు ఈ సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. అయితే తీగల ధ్వనిని పెంచే పలక, అంటే సౌండ్‌బోర్డు, రెండింటిలోనూ కర్రదే కాబట్టి, తేమ బెడద ఏ పియానోకూ పూర్తిగా తప్పదు.

ధరలు పోల్చేటప్పుడు ఎత్తు సమానంగా ఉండాలి. అప్‌రైట్ ఎత్తు పెరిగితే మంద్రస్థాయి తీగలు పొడవవుతాయి, సౌండ్‌బోర్డు విశాలమవుతుంది, నాదం నిండుగా వస్తుంది. యమహా యూ1 ఎత్తు 121 సెంటీమీటర్లు, కవాయి కే-300 ఎత్తు 122. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయించి చూడటం న్యాయమైన పోలిక. యమహా బీ1 109 సెంటీమీటర్లే. దాన్ని కే-300తో పోల్చి కంపెనీల మీద తీర్పు చెప్పడం తగదు. బీ వరుస తయారయ్యేది ఇండోనేషియాలో. పేరు జపాన్‌దైనా ప్రతి పియానో జపాన్‌లో చేసినది కాదు కనుక, ఎక్కడ తయారైందో అడిగి తెలుసుకోవాలి.

కచేరీ వేదికల మీద ఇద్దరూ ఉద్దండులే. 2010లో వార్సాలో జరిగిన షోపెన్ పియానో పోటీలో యులియానా అవ్దేయెవా యమహా సీఎఫ్ఎక్స్ మీద వాయించి గెలిచింది. 2021లో రెండో బహుమతి పంచుకున్న అలెగ్జాండర్ గాజియెవ్ వాయించింది కవాయి కంపెనీ షిగెరు కవాయి పియానో. కానీ అవి ఎంతో ఖరీదైన గ్రాండ్ పియానోలు. వాటి కీర్తి చూసి ఇంటి అప్‌రైట్‌ను ఎంచుకోవడం పొరపాటు.

పాత పియానోల సంగతి వేరు. పిల్లల చదువు కోసం జపాన్ కుటుంబాలు ఒకప్పుడు విరివిగా కొన్న పియానోలు ఇప్పుడు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. వీటిలో చక్కగా నిలిచినవీ ఉన్నాయి, పైన మెరుగు పెట్టి లోపల వదిలేసినవీ ఉన్నాయి. క్రమసంఖ్యను బట్టి తయారైన సంవత్సరం తెలుస్తుంది. ఆ తర్వాత మూత తీయించి చూడాలి: తీగలకు తుప్పు, సుత్తుల ఫెల్టులో లోతైన గాళ్లు, చిమట కొరికిన చోట్లు, సౌండ్‌బోర్డులో బీటలు. అన్నిటికంటే ముఖ్యం శ్రుతి పిన్నుల బిగువు. సుమారు 230 తీగల లాగుడు కలిసి దాదాపు 20 టన్నులు ఉంటుంది. పిన్నులు పట్టు వదిలితే ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలవదు. ఈ పరీక్షకు అమ్మకంతో సంబంధం లేని టెక్నీషియన్‌ను తీసుకెళ్లడం మేలు.

ఇంటికొచ్చిన పియానోను వెంటనే శ్రుతి చేయించకుండా, కొత్త గాలికి అలవాటుపడేలా రెండు మూడు వారాలు ఆగాలి. ఎండ తగిలే కిటికీకి, ఏసీ గాలికి దూరంగా ఉంచాలి. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు శ్రుతి చేయించాలి. ఊళ్లో ఆ పని తెలిసినవారు ఎవరున్నారో, విడిభాగాలు ఏ కంపెనీవి సులువుగా దొరుకుతాయో కొనకముందే విచారించాలి.