కువైట్ ఆదాయం, మన ఆదాయం: సగటు చెప్పేదెంత?

"కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు, వాళ్లకేం తక్కువ?" అని మన సూళ్లూరుపేటలోనూ అంటుంటారు. ఆ మాట వెనుక ఉన్న లెక్కను చూద్దాం.

1961 దాకా కువైట్‌లో చెలామణి అయింది రూపాయే. ఆ ఏడాది దినార్ వచ్చింది. 2023లో తలసరి ఉత్పత్తి మన దేశంలో సుమారు 2,500 డాలర్లు, కువైట్‌లో 30 వేలకు పైనే. అంటే పన్నెండు రెట్లు మించి. అయితే ఈ పోలికలో మూడు సంగతులు గమనించాలి.

మొదటిది ధరలు. డాలరుకు ఇక్కడ దొరికినంత సరుకు అక్కడ దొరకదు. ఈ తేడాను సరిచేస్తే అంతరం సగానికి పైగా తగ్గిపోతుంది.

రెండవది కాలం. మన తలసరి ఆదాయం 2014-15లో 86,647 రూపాయలు. 2022-23కు ముందస్తు అంచనా 1,72,000. చూడటానికి రెట్టింపు. ధరల పెరుగుదలను తీసేస్తే పెరిగింది 35 శాతమే. కువైట్ ఆదాయమేమో చమురు ధరతో పాటు లేస్తుంది, పడుతుంది.

మూడవది సగటు. యజమాని రాబడినీ, ఆయన కారు నడిపే మన పిల్లవాడి జీతాన్నీ కలిపి తలకింత అని పంచితే వచ్చే అంకె అది. కువైట్ జనాభాలో సగానికి పైగా పరదేశీయులే.

జకాత్ విషయంలో షరీఅత్ చూసేది దేశ సగటును కాదు, ఆ మనిషి చేతిలో నిసాబ్ ఉందా లేదా అన్నదే. అప్పుల్లో చిక్కుకున్నవారు జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఒకరు. కాబట్టి దరఖాస్తులో "కువైట్" అని కనబడగానే పక్కన పెట్టకండి. వీసా కోసం చేసిన అప్పు ఇంకా ఎంత ఉందో అడగండి.