గాజుతొట్టి నీటి పరీక్ష

చెరువులో నీరు చెడినచో చేప వేరొక వైపునకు పోగలదు. గాజుతొట్టిలోని చేపకు అట్టి దారి లేదు. దాని ప్రాణము మనము పోసిన నీటియందే యున్నది. నీరు అద్దమువలె తేటగానున్నను విషము కలిగియుండవచ్చును. అందుచేతనే పరీక్ష యవసరమగుచున్నది. అయితే తప్పుగా జేసిన పరీక్షను నమ్మి మందులు గుమ్మరించుట, నాడి చూడక చికిత్స చేయుటవంటిదే.

చేపల మలమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. మొదటి రెండును విషములు. కుదుటబడిన తొట్టిలో అవి సున్నగా నుండవలెను. మూడవది కొంతవరకు సహ్యము. లీటరుకు 40 మిల్లీగ్రాములు మించనీయకుండుట మేలు.

పరీక్షాద్రవములతో మేము పాటించు పద్ధతి యిది. ముందుగా సీసాపై గడువుతేదీని చూడవలెను. పరీక్షనాళికను తొట్టినీటితోనే రెండు మారులు తొలుపవలెను, సబ్బు తగులరాదు. నాళికను కంటికి సమముగా బట్టి, నీటిమట్టపు వంపు అడుగుభాగము గీతను తాకునట్లు నింపవలెను. సీసాను నిట్టనిలువుగా తలక్రిందులు చేసి చుక్కలు వేయవలెను. ప్రక్కకు వంచినచో చుక్క పరిమాణము మారును. నైట్రేటు పరీక్షలోని రెండవ సీసాలో మందు అడుగునకు దిగియుండును. దానిని అరనిమిషమైనను బలముగా కుదుపనియెడల నైట్రేటు ఉన్నదానికంటె తక్కువగా కనబడును. నాళికను వ్రేలితో మూయక మూతతోనే మూయవలెను. కాగితములో చెప్పిన నిమిషములు గడియారము చూచి లెక్కించి, తెల్లని కాగితము ముందుంచి, పగటివెలుతురున రంగును పోల్చవలెను.

నీటి ఆమ్లక్షారములను దెలుపు పి.హెచ్. కొలతను 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పరచెను. ఇందు ఒక్క అంకె భేదము పదిరెట్ల భేదము. ఈ అంకె పెరిగినకొలది అమ్మోనియా విషము తీవ్రమగును. కనుక రెండింటిని కలిపియే చూడవలెను. మొక్కలున్న తొట్టిలో ఉదయమునకంటె సాయంకాలము ఇది హెచ్చును. కావున ప్రతిదినము ఒకే వేళ పరీక్షింపవలెను. బోరునీటిని తోడినవెంటనే గాక, ఒకనాడు నిలువయుంచి చూడవలెను. అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయినగాని నిజమైన అంకె తెలియదు. క్లోరమైను కలిసిన కుళాయినీటిలోనే అమ్మోనియా కనబడుట కలదు. కాబట్టి తొట్టిలో పోయు నీటినిగూడ పరీక్షించుట మంచిది.

ఫలితము భయము గొలిపినచో వెంటనే మందు వేయక, శుభ్రమైన నాళికతో మరల చూడుడు. స్వేదనజలములోగూడ అమ్మోనియా రంగు వచ్చినచో దోషము నీటిది కాదు, పరీక్షాద్రవముది గాని నాళికది గాని యగును. రెండు మారులును ఒకే ఫలితము వచ్చినప్పుడు నాలుగవవంతు నీరు మార్చి, మేత తగ్గించి, మరునాడు తిరిగి పరీక్షింపుడు. తేదీ, వేళ, అంకె ఒక పుస్తకమున వ్రాసియుంచుట మరువరాదు.

పరీక్షించిన నీటిని తొట్టిలో తిరిగి పోయరాదు. ద్రవములలో కొన్ని చర్మమును కాల్చునవి. వాటిని పసిపిల్లలకు అందకుండ దాచవలెను. పెద్దపిల్లలచేత మాత్రము దగ్గరనుండి అంకెలు వ్రాయింపుడు. తొందరపడక కొలిచి, చూచినదానినే వ్రాయు అలవాటు వారికి పాఠములయందును ఉపకరించును. మూగప్రాణులను గాచినవారును అగుదురు.